డాక్టర్ దగ్గర మీకు కావాల్సింది లోపలే అడిగి తెచ్చుకోవడం ఎలా

నేను పద్నాలుగేళ్ళు ఓపీలో సిస్టర్‌గా పనిచేశాను, ముందు గుంటూరులో, తర్వాత హైదరాబాద్‌లో. డాక్టర్ గారి టేబుల్ పక్కన నిలబడి బీపీ చూడటం, బరువు రాయడం, పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ లోపలికి పంపడం, ఇదే నా పని. అన్నేళ్ళలో రోజూ చూసిన సీన్ ఒకటుంది. పేషెంట్ లోపల నాలుగు నిమిషాలు కూర్చుంటాడు, డాక్టర్ గారు ఏం చెప్పినా "సరేనండి, అలాగేనండి" అని తలూపుతాడు, బయటికొచ్చి తలుపు పడగానే నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇంతకీ నాకొచ్చింది ఏం జబ్బు? ఈ బిళ్ళలు ఎన్నాళ్ళు మింగాలి? చేపలు తినొచ్చా?" అంటాడు. అడగాల్సిన మనిషి తలుపుకి అవతల ఉన్నారు, అప్పటికే ఇంకో టోకెన్ లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత మా అమ్మకి షుగర్, థైరాయిడ్, ఆపైన మోకాళ్ళు, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చి నేనే ఫైల్ పట్టుకుని బెంచీ మీద కూర్చునే రోజులొచ్చాయి. అటువైపు కూర్చున్నాక తెలిసింది, డాక్టర్ ముందు నోరు పెగలకపోవడం చదువు లేనివాళ్ళకే ఉండే సమస్య కాదు, అందరికీ ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నా, ఒక్కొక్కటీ వరసగా, ముందు రోజు రాత్రి నుంచి.

ముందు మీకేం కావాలో మీరు తేల్చుకోండి

బయట బెంచీల మీద జనం చెప్పుకునే మాటలు వింటే పేషెంట్లు డాక్టర్ నుంచి ఏం కోరుకుంటారో తెలిసిపోతుంది. "చెయ్యి కూడా పట్టుకుని చూళ్ళేదమ్మా", "కంప్యూటర్లోంచి తల ఎత్తితేగా", "చెప్పేది పూర్తిగా వినకుండానే టెస్టులు రాసేశాడు", "జబ్బు పేరేదో ఇంగ్లీషులో అన్నాడు". వీటిని తిరగేస్తే మనకి కావాల్సినవి వచ్చేస్తాయి. మనం చెప్పేది వినాలి, ఒళ్ళు ముట్టుకుని పరీక్ష చెయ్యాలి, ఏమైందో తెలుగులో చెప్పాలి, ముందుముందు ఏమవుతుందో ఎంత ఖర్చవుతుందో చెప్పాలి. ఇవేం గొంతెమ్మ కోరికలు కావు. మన పెద్దవాళ్ళు "ఆయన హస్తవాసి మంచిది" అంటారు చూడండి, నేను అలాంటి పేరున్న డాక్టర్లు ఇద్దరి దగ్గర పనిచేశాను, వాళ్ళు రాసే మందులు పక్క డాక్టర్ రాసే మందులే, కాకపోతే పేషెంట్ కూర్చోగానే పెన్ను పక్కన పెట్టి మొహం చూసేవాళ్ళు, కడుపు నొప్పంటే మంచం మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూసేవాళ్ళు, "భయం లేదు, ఇది ఫలానా, నాలుగు రోజుల్లో తగ్గుద్ది, తగ్గకపోతే రా" అని నోటితో చెప్పేవాళ్ళు. జనం హస్తవాసి అనేది దాన్నే అని నాకు గట్టి నమ్మకం.

అందరు డాక్టర్లూ అలా ఉండరు, ఉండాలనుకున్నా టైం ఉండదు. 2017లో 67 దేశాల లెక్కలు కలిపి ఒక స్టడీ వచ్చింది, మామూలు జబ్బులకి వెళ్ళే చోట మన దేశంలో డాక్టర్ ఒక పేషెంట్‌కి ఇచ్చే టైం సుమారు రెండు నిమిషాలు అని తేలింది, స్వీడన్‌లో అది ఇరవై రెండు నిమిషాలు దాటింది. ఆ రెండు నిమిషాల్ని మీరు ఎలా వాడుకుంటారన్నదే అసలు విషయం.

ముందు రోజు రాత్రి చేసే పని

ఒక తెల్ల కాగితం తీసుకోండి, ఒక వైపే రాయండి, తెలుగులోనే రాయండి. పైన మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ఒకటి, అది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, దేంతో తగ్గుతుంది. దాని కింద మిగతావి రెండో మూడో. అడుగున మీరు అడగాలనుకున్న ప్రశ్నలు, అవి కూడా మూడు దాటనివ్వొద్దు. పది ప్రశ్నలు రాసుకుని వెళ్తే పది అడగరు, మొదటి రెండూ అడిగి మిగతావి మడిచి జేబులో పెట్టుకుంటారు, అందుకే ముఖ్యమైనవి పైన ఉండాలి. చాలామంది అసలు భయపడే విషయాన్ని ఆఖర్న, లేచి తలుపు దాకా వెళ్ళాక, "అన్నట్టు డాక్టర్ గారూ, రొమ్ములో చిన్న గడ్డలా తగుల్తోంది" అని చెప్తారు. అది మొదటి లైన్‌లో ఉండాల్సిన మాట.

వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వెయ్యండి, ఖాళీ స్ట్రిప్పులైనా సరే. స్ట్రిప్ కత్తిరించేటప్పుడు చాలా ఇళ్ళల్లో చేసే తప్పు ఒకటుంది, పేరు ఉన్న వైపు నుంచి కత్తిరించుకుంటూ వస్తారు, చివరికి మిగిలేది పేరూ లేని డేటూ లేని రెండు బిళ్ళలు. మా అమ్మ కవర్లోంచి ఒకసారి అలాంటి ముక్క తీస్తే దాని మీద "5 ఎంజీ" అని తప్ప ఏమీ లేదు, బీపీ బిళ్ళో షుగర్ బిళ్ళో తెలియడానికి మందుల షాపుకి ఫోన్ చేసి పాత బిల్లు వెతికించాల్సొచ్చింది. పేరు, ఎక్స్‌పైరీ డేట్ ఉన్న ముక్క ఆఖరి దాకా ఉండేట్టు రెండో వైపు నుంచి కత్తిరించండి. "తెల్లగా గుండ్రంగా ఉంటదండి" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు, సగం బిళ్ళలు తెల్లగా గుండ్రంగానే ఉంటాయి.

రిపోర్టులు బట్టల షాపు సంచిలో కుక్కి తీసుకెళ్ళొద్దు. డేట్ ప్రకారం పెట్టండి, కొత్తవి పైన. ఇంట్లో షుగర్, బీపీ చూసుకునేవాళ్ళయితే ఆ అంకెలు డేటు, టైముతో ఒక కాగితం మీద, మిషన్‌లో ఉన్నాయి అంటే అక్కడ నొక్కుకుంటూ కూర్చునే టైం ఉండదు. ఉదయం వెళ్ళే పనైతే పరగడుపున రావాలా అని ముందే ఫోన్ చేసి అడగండి, ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు. బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు, అక్కడికెళ్ళాక ఒక అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్ళకి బీపీ చూసి ఎక్కువుందని రాయడం నేను చాలాసార్లు చూశాను, తప్పు అంకెకి మందు డోసు పెరిగితే ఇబ్బంది పడేది మీరే.

లోపల ఎవరు కూర్చోవాలి

ఒక్కరు చాలు. నలుగురు వెళ్తే నలుగురూ నాలుగు చెప్తారు, పేషెంట్ గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. కొడుకు అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఉంటాడు, "మా అబ్బాయి మాట్లాడతాడంట" అని ఫోన్ డాక్టర్ మొహం ముందు పెడతారు, ఉన్న రెండు నిమిషాలూ సిగ్నల్‌కే పోతాయి. అబ్బాయి ప్రశ్నలు ముందు రోజే మీ కాగితంలోకి ఎక్కించుకోండి, బయటికొచ్చాక తీరిగ్గా ఫోన్ చేసి చెప్పొచ్చు. రికార్డ్ చేసుకోవాలంటే డాక్టర్‌ని అడిగి చెయ్యండి, దొంగచాటుగా వద్దు.

ఇంకొకటి, ఇది తోడు వెళ్ళేవాళ్ళకి. పేషెంట్‌ని మాట్లాడనివ్వండి. నేను గుంటూరులో ఉండగా అరవై దాటిన ఒకామెని కొడుకు తీసుకొచ్చాడు, మంచి పిల్లాడే, ఎంతో శ్రద్ధగా "అమ్మకి నిద్ర పట్టట్లేదండి, నీరసం అండి" అని అన్నీ తనే చెప్పాడు, ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ అతన్ని మందుల షాపులో ఏదో అడిగి రమ్మని పంపించి, కుర్చీ దగ్గరికి లాక్కుని "ఇప్పుడు చెప్పమ్మా" అంది. ఏడాది నుంచి దగ్గినా తుమ్మినా బట్టల్లో మూత్రం పడిపోతోందంట, అందుకే రాత్రి పదిసార్లు లేస్తోంది, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది, కొడుకు ముందు ఎలా చెప్తుంది? నిద్ర మాత్ర రాయించుకుని వెళ్ళిపోయేది పాపం. కాబట్టి మీ అమ్మనో నాన్ననో తీసుకెళ్తే, చివర్లో "నేను బయటుంటా, మీరు ఇంకేమన్నా మాట్లాడాలంటే మాట్లాడండి" అని ఒక నిమిషం లేచి వచ్చెయ్యండి. మీరే పేషెంట్ అయ్యి చెప్పుకోలేని విషయం ఉంటే "కొంచెం ప్రైవేట్‌గా చెప్పాలండి" అనండి చాలు, ఆ మాట వింటే సిస్టర్లే మిగతావాళ్ళని బయటికి పంపుతారు.

మొదటి నిమిషం: నొప్పి చెప్పండి, జబ్బు పేరు చెప్పకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

అమెరికాలో 1984లో ఒక పరిశోధన చేశారు, పేషెంట్ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ మధ్యలో అడ్డుపడి ప్రశ్న వేసేస్తున్నాడని అందులో తేలింది. తర్వాత 2002లో స్విట్జర్లాండ్‌లో ఇంకొకరు, అసలు అడ్డుపడకుండా వదిలేస్తే పేషెంట్ ఎంతసేపు మాట్లాడతాడు అని చూస్తే సగటున 92 సెకన్లు, అంటే నిమిషంన్నర, అంతే. మనం అంతకంటే ఎక్కువ అడగట్లేదు. ఎవరైనా మధ్యలో ఆపితే "ఒక్క నిమిషం సార్, ఇది చెప్పేస్తాను" అని మర్యాదగా అని మీ కాగితం చూసి పూర్తి చెయ్యండి, కాగితం చేతిలో ఉంటే డాక్టర్లు ఆగుతారు, ఇది నేను చూసి చెప్తున్నా.

మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, వెళ్ళగానే జబ్బు పేరు తామే చెప్పేస్తారు. "గ్యాస్ అండి." "వేడి చేసిందండి." "నరాల వీక్‌నెస్ అండి." ఒకాయన, ఆటో నడుపుతారు, యాభై లోపే వయసు, వచ్చి "గ్యాస్ పట్టేసిందమ్మా, ఒక ఇంజక్షన్ చేసి పంపండి, స్టాండ్‌లో బండి ఉంది" అన్నారు. మాట్లాడుతూ కుడి చేత్తో పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెట్టుకుంటున్నారు, నుదుటి మీద చెమట, ఏసీలో. డాక్టర్ గారు గ్యాస్ అన్న మాట పట్టించుకోలేదు, ఆ పిడికిలి చూశారు. "మెట్లెక్కితే పెరుగుతుందా, ఆగితే తగ్గుతుందా" అని అడిగారు. ఈసీజీ తీసేసరికి హార్ట్ ఎటాక్. అదే ఏ బిజీ డాక్టరో మాట నమ్మి గ్యాస్ ఇంజక్షన్ చేసి పంపితే ఆయన ఆటోలోనే పోయుండేవాడు.

మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. సలుపు, పోటు, మంట, లాగడం, పీకడం, తిమ్మిరి, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టు, పట్టేసినట్టు, బండరాయి పెట్టినట్టు బరువు. ఇవన్నీ డాక్టర్‌కి పనికొచ్చే మాటలే. కాళ్ళు మంటలు, తిమ్మిర్లు అంటే షుగర్ వల్ల నరాలేమో చూస్తారు, నడుము నుంచి కాలి దాకా కరెంట్ షాక్‌లా జివ్వుమంటుందంటే వెన్ను చూస్తారు, తల ఒక పక్కే సలుపుతూ వెలుతురు చూడలేకపోతుంటే మైగ్రేన్ వైపు ఆలోచిస్తారు. ఎక్కడ అనేది నోటితో కాకుండా వేలు పెట్టి చూపించండి. ఎంత నొప్పో చెప్పడానికి "చాలా" అనొద్దు, దానివల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పండి, "కింద కూర్చుంటే లేవలేకపోతున్నా", "రాత్రి రెండింటికి నొప్పికి మెలకువొస్తోంది", ఇలా.

ఛాతీలో బరువు, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఇలా ఉంటే ఓపీ టోకెన్ తీసుకుని కూర్చోవద్దు, సరాసరి ఎమర్జెన్సీకి, లేదా 108కి. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు, అది గుర్తుపెట్టుకోండి.

దాచొద్దు

మీ ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర మోకాలికి సూది వేయించుకున్నారా, చెప్పండి. పచ్చకామెర్లకి పసరు తాగారా, చెప్పండి. మందు తాగుతారా, వారానికెంత, చెప్పండి. డాక్టర్ తిడతారని దాచిపెడతారు, తిడితే తిట్టనివ్వండి, కానీ ఆ సూది స్టెరాయిడ్ అయితే షుగర్ ఎందుకు పెరిగిందో దాంతో తేలుతుంది, ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు మింగుతుంటే ముందు కిడ్నీలు చూడాలని డాక్టర్‌కి తెలుస్తుంది. రక్తం పల్చబడే బిళ్ళ వాడుతుంటే పన్ను పీకించుకునే దగ్గర కూడా చెప్పాలి. మందులు మానేసి ఉంటే అదీ చెప్పండి, "వాడుతున్నా" అని అబద్ధం చెప్తే పాత డోసు పనిచేయట్లేదని కొత్తది కలుపుతారు.

పరీక్ష చెయ్యకపోతే ఏం చెయ్యాలి

అడగండి. "ఒకసారి చెయ్యి పెట్టి చూస్తారా సార్, ఇక్కడ గట్టిగా తగుల్తోంది" అని చొక్కా పక్కకి జరిపి చూపించండి. ఇలా అడిగితే కాదన్న డాక్టర్‌ని నేను చూడలేదు. ఆడవాళ్ళని మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు పక్కన ఆడ సిస్టర్ ఉండాలని అడిగే హక్కు మీకుంది, మొహమాటపడొద్దు.

జబ్బు పేరు రాయించుకోండి, తెలుగులో చెప్పించుకోండి

మూడు ప్రశ్నలు ఉన్నాయి, ఇవే మాటల్లో అడగండి. "నాకు ఏమైంది అనుకుంటున్నారు?" "ఈ టెస్ట్ దేనికి, ఇందులో ఏం తేలితే మందు మారుతుంది?" "మందు వాడకుండా కొన్నాళ్ళు చూస్తే ఏమవుద్ది?" రెండో ప్రశ్న చాలా మంచి ప్రశ్న, మర్యాదగానే ఉంటుంది, అవసరమైన టెస్ట్ అయితే డాక్టర్ ఒక్క వాక్యంలో చెప్తారు, అలవాటు కొద్దీ రాసిందయితే ఒక్కోసారి వాళ్ళే "ఇది తర్వాత చూద్దాం లే" అని కొట్టేస్తారు.

మన డాక్టర్లు చదువుకున్నది ఇంగ్లీషులో, అందుకే నోటికి ఆ మాటే వస్తుంది, మిమ్మల్ని భయపెట్టాలని కాదు. "అది తెలుగులో కొంచెం చెప్పండి సార్, ఇంట్లో చెప్పాలి" అంటే చాలామంది కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్తారు. పేరు మాత్రం చీటీ మీద ఇంగ్లీషులో స్పష్టంగా రాయించుకోండి, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టర్‌కి అదే పనికొస్తుంది.

మందుల చీటీ అక్కడే చదువుకోండి

లేవకముందే చీటీ చేతిలోకి తీసుకుని చూడండి. 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఏసీ అని ఉంటే తినకముందు, పీసీ అని ఉంటే తిన్నాక. ఎస్ఓఎస్ అని రాసిన నొప్పి బిళ్ళని రోజూ మూడుపూటలా నెలరోజులు మింగి కడుపులో పుండుతో వచ్చినవాళ్ళున్నారు, ఎవరూ చెప్పకే.

అక్షరాలు అర్థం కాకపోతే అడగండి. మందులు జెనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టుకున్న పేరు కాకుండా మందు అసలు పేరుతో, చదవగలిగేట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 2016 నుంచీ ఉంది. జెనరిక్ పేరుంటే ప్రభుత్వ పథకం కింద నడిచే జన్ ఔషధి షాపులో అదే మందు చాలా తక్కువకి దొరుకుతుంది. మందులు మాకిష్టమైన షాపులో, టెస్టులు మాకిష్టమైన ల్యాబ్‌లో చేయించుకుంటాం అనొచ్చు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో అది రాసుంది, దాన్ని అమలు చెయ్యమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకి రాసింది కూడా.

ఆపైన ఒక పని, ఇది మా అమ్మ విషయంలో ప్రతిసారీ చేస్తా. "సార్, నాకు అర్థమైంది ఒకసారి చెప్తా, తప్పుంటే చెప్పండి" అని మొత్తం తిరిగి అప్పజెప్పండి. థైరాయిడ్ బిళ్ళ లేవగానే పరగడుపున, ఆ తర్వాత అరగంట దాకా కాఫీ వద్దు, షుగర్ బిళ్ళ టిఫిన్‌తో, పది రోజుల తర్వాత రక్త పరీక్ష, ఇలా. ముప్పై సెకన్లు పడుతుంది. ఒకసారి ఇలా చెప్తుండగానే డాక్టర్ గారు ఆగి "అయ్యో, పాత బీపీ బిళ్ళ ఆపమని రాయలేదా" అని చీటీ వెనక్కి తీసుకుని దిద్దారు.

ఇంకా అడగాల్సింది, ఏం కనిపిస్తే వెంటనే మళ్ళీ రావాలి. డెంగ్యూ సంగతే తీసుకోండి, జ్వరం తగ్గగానే హమ్మయ్య అనుకుని ఇంట్లో పడుకుంటారు, కానీ మూడో రోజు తర్వాత జ్వరం దిగేటప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మగతగా అయిపోవడం, ఇవి కనిపిస్తే రాత్రి రెండైనా తీసుకెళ్ళాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఇవి తప్పిపోతాయి.

పథ్యం

కొంతమంది డాక్టర్లు పథ్యం అడిగితే విసుక్కుంటారు, "అన్నీ తినండి" అనేస్తారు. నా దృష్టిలో అది సరైన ప్రశ్నే, అడగడం మానొద్దు, కాకపోతే "వంకాయ తినొచ్చా గోంగూర తినొచ్చా" అని ఒక్కొక్కటీ కాకుండా "ఈ జబ్బుకి గానీ ఈ మందుకి గానీ పడని తిండి ఏమన్నా ఉందా" అని అడగండి. కిడ్నీ జబ్బులో కొబ్బరి నీళ్ళు, పళ్ళ రసాలు కూడా ప్రమాదం కావచ్చు, రక్తం పల్చబడే మందుల్లో వార్ఫరిన్ అనేది వాడేవాళ్ళు ఆకుకూర ఒకరోజు బోలెడు ఒకరోజు అసలు లేకుండా తింటే మందు లెక్క తప్పుతుంది. ఏమీ లేదంటే హాయిగా తినండి, బాలింతలకి, ఆపరేషన్ అయినవాళ్ళకి కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టి నీరసపడేట్టు చెయ్యొద్దు.

కోరకూడనివి కూడా ఉన్నాయి

"రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే" అంటారు, ప్రతిసారీ అలా కుదరదు. "ఒక సెలైన్ పెట్టండి, బలమొస్తుంది" అని బతిమాలేవాళ్ళు రోజుకి పదిమంది. అయిదు శాతం గ్లూకోజ్ సీసా అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర, అయిదారు చెంచాలు, అంతే. నోటితో తాగగలిగిన మనిషికి ఇంట్లో మజ్జిగ, గంజి అంతకంటే మేలు. జలుబుకి యాంటీబయాటిక్ కూడా అంతే, జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది డాక్టర్ రాస్తేనే వాడాల్సిన మందు, పోయినసారి మిగిలిందని మింగొద్దు. సూది వెయ్యని డాక్టర్, తక్కువ మందులు రాసిన డాక్టర్ పని రాని డాక్టర్ అనుకోకండి దయచేసి, ఆ ఒత్తిడికే కొంతమంది అక్కర్లేని సూదులు వెయ్యడం నేను దగ్గరుండి చూశాను.

డబ్బు మాట

సిగ్గుపడకుండా ముందే అడగండి. ఫీజు ముందే చెప్పాలని, వైద్యం మొదలయ్యాక కాదని, ఫీజు బోర్డు మీద పెట్టాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. "నెలకి మందులకి ఎంతవుద్దండి, నా దగ్గర ఇంతే కుదురుద్ది" అని చెప్తే డాక్టర్ దానికి తగ్గ మందు రాయగలుగుతారు. చెప్పకుండా సగం మందులు కొనుక్కుని వాడటం మాత్రం వద్దు. ఆపరేషన్ అన్నప్పుడు అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర, అంటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వివరాలు చెప్పే మనిషి, ఉండే చోటికి వెళ్ళి ఈ జబ్బు పథకంలో ఉందా, ఈ ఆస్పత్రిలో ఈ విభాగానికి వర్తిస్తుందా అని కనుక్కోండి, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు.

ఆపరేషన్ అంటే

సంతకం పెట్టే కాగితం చదవండి, తెలుగులో ఇమ్మని అడగండి, ఖాళీ ఫారం మీద సంతకం వద్దు. ఎవరు చేస్తారు, ఏ మత్తు, ఎన్ని రోజులు, చెయ్యించుకోకపోతే ఏంటి, ఇంకో దారి ఉందా, ఇవి అడగాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, పరీక్ష కోసం తీసుకున్న అనుమతితో, ప్రాణాపాయం లేనప్పుడు, పేషెంట్‌ని అడక్కుండా ఇంకో ఆపరేషన్ చెయ్యకూడదు అని. ఆ కేసులో ఆమె మత్తులో ఉండగా వాళ్ళమ్మ అనుమతి తీసుకుని గర్భసంచి తీసేశారు. మన దగ్గర చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే ఆడవాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు, కాబట్టి ఎవరైనా ఆ మాట అంటే అదే రోజు ఒప్పుకోకండి, రక్తస్రావం ప్రాణం మీదికి రాకపోతే రెండో డాక్టర్‌కి చూపించుకునే టైం ఖచ్చితంగా ఉంటుంది.

రెండో డాక్టర్‌కి చూపించుకుంటే మొదటాయన ఏమనుకుంటారో అని వెనకాడొద్దు. "మా బంధువులు ఇంకొకరికి కూడా చూపిద్దాం అంటున్నారు సార్, రిపోర్టులు ఇస్తారా" అనండి. స్కానింగ్ రిపోర్ట్ కాగితంతో పాటు సీడీనో ఫిల్మో కూడా తీసుకోండి, రెండో డాక్టర్ బొమ్మలు తనే చూసుకుంటారు. అడ్మిట్ అయినవాళ్ళ రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, రాతపూర్వకంగా అడిగి ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి.

అన్యాయం జరిగిందనిపిస్తే

ముందు ఆ డాక్టర్‌నే నెమ్మదిగా అడగండి, సగం గొడవలు చెప్పకపోవడం వల్ల వచ్చినవే. తర్వాత సూపరింటెండెంట్‌కో మేనేజ్‌మెంట్‌కో కాగితం మీద రాసివ్వండి. వైద్యంలో తప్పుంటే మీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అది కావాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, రెండేళ్ళ లోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి, అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే చోట్లకి ఇది వర్తించదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఎంత కడుపు మండినా డాక్టర్ మీద, సిస్టర్ల మీద చెయ్యెత్తొద్దు, అద్దాలు పగలగొట్టొద్దు. ఆస్పత్రుల మీద దాడులు ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన 2008 చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు ఉంది, అంతకంటే ముఖ్యంగా ఆ రాత్రి అదే వార్డులో ఇంకో పేషెంట్‌కి అందాల్సిన వైద్యం ఆగిపోతుంది, నేను అలాంటి రాత్రి ఒకటి డ్యూటీలో ఉన్నాను.

ఇంటికొచ్చాక చీటీని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి, మళ్ళీ వెళ్ళాల్సిన డేట్ క్యాలెండర్ మీద పెన్నుతో గుండ్రంగా చుట్టండి, మందు మొదలుపెట్టాక ఏం మారిందో రోజూ ఒక లైన్ రాయండి. మా అమ్మ నోట్‌బుక్‌లో "ఈరోజు మెట్లు పట్టుకోకుండా దిగాను" అని ఉంటుంది, పోయిన నెల డాక్టర్ గారు ఆ లైన్ చదివి నొప్పి బిళ్ళ ఆపేశారు.